అన్ని ప్రమాదాలూ హారన్ కొట్టి రావు

సంపాదకుల వారికి నమస్కారం.

ఎలక్ట్రిక్ కార్ల గురించి ఎవరు రాసినా ఒక మాట తప్పకుండా మెచ్చుకోలుగా రాస్తున్నారు, అసలు చప్పుడే ఉండదు అని. చదివినప్పుడల్లా నాకు ఒకటే అనిపిస్తుంది, రాసినవాళ్లు బండి లోపల కూర్చుని రాశారు గానీ బండి ముందు నడుచుకుంటూ పోయేవాళ్లు కాదు అని. నాకు కుడి చెవి చిన్నప్పటి నుంచీ వినపడదు. ఎడమ చెవి మిషన్ పెట్టుకుంటే కొంతవరకు పనిచేస్తుంది, గోల ఎక్కువగా ఉన్న చోట అదీ చేతులెత్తేస్తుంది. అందుకని చప్పుడు చేసే బండి, చేయని బండి అనే తేడా నాకు పెద్దగా లేదు. నా వరకు ఎప్పటి నుంచో అన్నీ ఎలక్ట్రిక్ బళ్లే.

ఈ ఉత్తరం జాలి కోసం రాయడం లేదు. చెవులు బాగా ఉన్నవాళ్ల గురించే రాస్తున్నాను. ఎందుకంటే బళ్లు నెమ్మదిగా చప్పుడు మానేస్తున్నాయి, మనుషులేమో చెవులు మూసుకుని నడుస్తున్నారు, అంటే మీకు తెలియకుండానే మీరూ నా పరిస్థితిలోకి వచ్చేస్తున్నారు. తేడా ఏమిటంటే నాకు వినపడదని నాకు తెలుసు, మీకు వినపడటం లేదని మీకు తెలియదు.

చెవి మనిషికి వీపు వైపు పెట్టిన కాపలావాడు లాంటిది. కళ్లు ముందుకే చూస్తాయి, అవీ రాత్రికి మూతపడతాయి. చెవికి రెప్పల్లేవు. వెనక నుంచి వచ్చేదాన్ని, మలుపు అవతల ఉన్నదాన్ని, చీకట్లో కదిలేదాన్ని అదే కనిపెట్టి చెబుతుంది. ఇంత నమ్మకస్తుడు ఉన్నప్పుడు యజమానికి బద్ధకం రావడం సహజమే. రోడ్డు దాటేటప్పుడు మీలో చాలామంది నిజంగా చూడరు, గమనించండి కావాలంటే. చెవిన పడిన చప్పుడును బట్టి ఏమీ రావడం లేదని తేల్చేసుకుని, మాట వరసకు తల ఒకసారి అటు తిప్పి అడుగు వేసేస్తారు. తల తిరుగుతుంది కానీ కళ్లు దేన్నీ పట్టుకోవు. వచ్చేదేదైనా చప్పుడు చేస్తుందన్న ధీమా మీద నడిచే పద్ధతి ఇది, ఆ ధీమాకు రోజులు చెల్లాయి.

రెండు చెవులు ఎందుకున్నాయో ఒక్క చెవివాళ్లను అడిగితే బాగా చెబుతారు. కుడి పక్క నుంచి వచ్చే చప్పుడు ముందు కుడి చెవికి తగిలి, ఆ తరవాత ఎడమ చెవికి చేరుతుంది. మధ్యలో వ్యవధి సెకనులో వెయ్యో వంతు కూడా ఉండదు, అయినా మెదడు దాన్ని పట్టుకుని, అవతలి చెవికి చప్పుడు ఎంత తగ్గి చేరిందో కూడా లెక్కవేసుకుని, ఎటు నుంచి వస్తోందో చెప్పేస్తుంది. ఒక చెవి పోతే ఈ లెక్క కుదరదు. హారన్ వినపడుతుంది, ఎటు తప్పుకోవాలో మాత్రం తెలియదు. ఎడమకు దూకాలా కుడికి దూకాలా అన్న ఆ అరసెకను టెన్షన్ ఎలా ఉంటుందో మాటల్లో చెప్పలేను. ఇది ఎందుకు చెబుతున్నానంటే, ఒక చెవిలోనే ఇయర్‌ఫోన్ పెట్టుకున్నాం కదా, రెండోది ఖాళీగానే ఉంది కదా అని చాలామంది జాగ్రత్తపరుల్లా మాట్లాడతారు. బాబూ, మీరు సగం వినికిడి మిగుల్చుకున్నాం అనుకుంటున్నారు, కానీ దిక్కు తెలిసే శక్తిని మీ చేతులారా తీసి జేబులో వేసుకున్నారు. ఇక బయటి శబ్దాన్ని తగ్గించే నాయిస్ క్యాన్సిలింగ్ రకాలైతే మరీను, అవి అన్నిటికంటే బాగా అణిచేసేది ఆగకుండా వచ్చే బరువైన మోతని, అంటే సరిగ్గా ఇంజిను మోతని, టైర్ల మోతని. విమానంలో కూర్చున్నప్పుడు దానికి మించిన సుఖం లేదు, ఒప్పుకుంటాను. రోడ్డు మీద అదే పని చేస్తే దాని తప్పేం కాదు కదా.

మరి వినపడనివాళ్లం ఎలా నెట్టుకొస్తున్నాం అని అడుగుతారు. పెద్ద విద్యేమీ కాదు. ఉదాహరణకు వరసగా కార్లు ఆగి ఉన్న చోట నడవాలంటే నేను కార్లను చూడను, వాటి ముందు చక్రాలను చూస్తాను. చక్రం పక్కకు తిరిగి ఉంటే ఎవరో ఇప్పుడే వచ్చి ఆపి ఉండవచ్చు, లేదా బయటికి తీయబోతూ ఉండవచ్చు. వెనక తెల్ల లైటు వెలిగితే బండి రివర్సులో ఉన్నట్టు, కదలకపోయినా సరే దాని వెనక్కి వెళ్లను. సైడు అద్దంలో డ్రైవరు ముఖం కనపడితే, అతను చూస్తే అతనికి నేనూ కనపడతాను, కనపడకపోతే నేను ఆ బండికి లేనట్టే. సీట్లో తల కనిపిస్తోందంటే ఆ పక్క తలుపు ఏ క్షణమైనా తెరుచుకుంటుంది, సైకిలు మీద పోయేవాళ్లు ఇది మరీ గుర్తుపెట్టుకోవాలి. ఎండ వెనక నుంచి ఉన్నప్పుడు, వెనక వచ్చే మనిషి కంటే, బండి కంటే ముందు వాటి నీడ నా పక్కకు వస్తుంది. రాత్రయితే గోడ మీద వెలుగు జరుగుతుంది, మలుపు అవతల ఏదో తిరగబోతోందని దాన్నిబట్టి తెలుస్తుంది. దుకాణాల అద్దాలు, ఆగి ఉన్న బళ్ల కిటికీలు అన్నీ నాకు వెనక చూపే. అన్నిటికంటే పనికొచ్చేది ఎదురుగా వచ్చే మనుషుల ముఖాలు. వాళ్ల చూపు నా భుజం మీదుగా వెనక్కి వెళ్లి అక్కడే ఆగిందంటే నా వెనక ఏదో ఉందని అర్థం, వెంటనే పక్కకు జరుగుతాను, తరవాత తిరిగి చూస్తాను. ఆ వరస ముఖ్యం. ముందు తిరిగి చూసి తరవాత జరిగేవాళ్లు ఒక్కోసారి తిరిగే కోణంలోనే బండికి అడ్డం పడతారు.

ఇవన్నీ కొన్నాళ్లకు అలవాటైపోతాయి, ఒళ్లంతా కళ్లు చేసుకుని తిరగక్కర్లేదు. ఫోన్ తెర మీద కళ్లు పెట్టుకుని మాత్రం ఇందులో ఒక్కటీ కుదరదు. చెవుల్లో పాట, కళ్ల ముందు తెర, రెండూ ఒకేసారి ఉన్న మనిషి నా కంటే ఎక్కువ చెవిటివాడు, పైగా గుడ్డివాడు కూడా.

మళ్లీ ఎలక్ట్రిక్ బళ్ల దగ్గరికి వస్తాను. ఈ ప్రమాదాన్ని ముందుగా గుర్తించి గొడవ చేసింది మాలాంటి చెవిటివాళ్లు కాదు, చూపు లేనివాళ్లు. రోడ్డు దాటాలంటే వాళ్లకు ఉన్న ఒకే ఆధారం చప్పుడు, అది కూడా తీసేస్తే ఎలా? అమెరికాలో అంధుల సంఘాలు పట్టుబట్టబట్టి 2010 చివర్లో అక్కడి చట్టసభ ఇందుకోసం ఒక చట్టాన్ని ఆమోదించింది. ఆ తరవాత ఐక్యరాజ్యసమితి తరఫున 138వ నంబరు నిబంధన వచ్చింది, ఐరోపా సమాఖ్య 2019 జూలై నుంచి కొత్త మోడళ్లకు, 2021 జూలై నుంచి కొత్తగా అమ్మే అన్ని ఎలక్ట్రిక్, హైబ్రిడ్ కార్లకు, బస్సులకు కృత్రిమ శబ్దం పెట్టడం తప్పనిసరి చేసింది. గంటకు 20 కిలోమీటర్ల వేగం దాకా ఆ శబ్దం రావాలి, అమెరికా నిబంధన ప్రకారం 30 దాకా. ఆ పైన ఎందుకు అక్కర్లేదంటే టైర్ల రాపిడి, గాలి కలిసి తమ మోత తాము చేస్తాయి కాబట్టి. అంటే అసలు ప్రమాదం వేగంగా పోయే కారుతో కంటే, నెమ్మదిగా వెనక్కి వచ్చే కారుతో, గేటులోంచి బయటికి జారే కారుతో, సిగ్నల్ దగ్గర ఆగి కదిలే కారుతోనే. సరిగ్గా మనుషులు ఎక్కువగా తిరిగే చోట్లే అన్నమాట.

అయితే శబ్దం పెట్టేశారు కదా ఇక నిశ్చింత అనుకోవద్దు. అది పెద్ద మోత కాదు, మామూలు మాటల స్థాయికి కాస్త అటూ ఇటూ ఉంటుంది, పక్కన ఒక పాత లారీ వెళ్తుంటే అందులో కలిసిపోతుంది. ఇంకోటి, ఈ నిబంధన నాలుగు చక్రాల బళ్లకే. బ్యాటరీ స్కూటర్లు, మోటారు సైకిళ్లు, నిలబడి తోలే చిన్న బళ్లు దీని కిందికి రావు. నన్నడిగితే కార్ల కంటే వీటికే ఎక్కువ భయపడాలి, సందుల్లో, కాలిబాటల మీద మనిషికి ఆనుకుని పోయేవి ఇవే.

రైలు సంగతి వేరు. అంత పెద్దది, అంత బరువైనది, వినపడకుండా ఎలా వస్తుందని అందరూ అనుకుంటారు. గంటకు 110 కిలోమీటర్ల వేగంతో వచ్చే రైలు సెకనుకు 30 మీటర్లు దాటేస్తుంది, ఆపాలంటే కిలోమీటరు దాకా పట్టవచ్చు. పాత పట్టాలకు మధ్య మధ్య అతుకులుండేవి, చక్రం అతుకు దాటినప్పుడల్లా టకటకమని మోగేది. ఇప్పుడు పట్టాలను వెల్డింగ్ చేసి పొడుగ్గా వేస్తున్నారు, ఆ మోత పోయింది, కరెంటు ఇంజినుకు డీజిల్ ఇంజినంత గర్జన లేదు. ఎదురుగాలి ఉంటే, మలుపు ఉంటే, కట్టడాలు అడ్డం ఉంటే ఉన్న కాస్త చప్పుడూ ఆలస్యంగా చేరుతుంది. ఇంకో ఘోరం రెండో రైలు. ఒక రైలు వెళ్లిపోయేదాకా ఓపిగ్గా ఆగి, దాని చివరి పెట్టె దాటగానే పట్టాల మీదికి అడుగు పెడతారు. వెళ్లిపోయే రైలు మోతలో పక్క లైను మీద ఎదురుగా వచ్చే రైలు అసలు వినపడదు, ఆ రైలు చాటున కనపడదు కూడా. చెవులు ఎంత పదునుగా ఉన్నా అక్కడ ఒక్కటే దారి, వెళ్లిన రైలు దూరమై రెండు వైపులా పట్టాలు ఖాళీగా కంటికి కనపడేదాకా కదలకపోవడం.

ఇంతవరకు రోజూ ఉండేవి. ఎప్పుడో గానీ రానివి కొన్ని ఉన్నాయి, వాటిలో చెవి పనికిరాకపోవడానికి కారణమే వేరు, అవి చప్పుడు కంటే ముందు వస్తాయి. గాలిలో శబ్దం సెకనుకు సుమారు 340 మీటర్లు పోతుంది, అంటే కిలోమీటరుకు మూడు సెకన్లు. వెలుతురుకు ఆ ఆలస్యం లేదు. మిమ్మల్ని తాకే పిడుగు ఉరుము మీరు ముందుగా వినరు. విన్నారంటే అది ఇంకెక్కడో పడినట్టు, కానీ తరవాతిది ఎక్కడ పడుతుందో ఎవరికీ తెలియదు. వర్షం పడే చోటికి పది, పదిహేను కిలోమీటర్ల దూరంలో, నెత్తి మీద ఆకాశం తేటగా ఉన్న చోట కూడా పిడుగు పడగలదు. అందుకే మెరుపు కనిపించి 30 సెకన్లలోపు ఉరుము వినిపిస్తే పక్కా ఇంట్లోకి పోవాలని, చివరి ఉరుము తరవాత 30 నిమిషాల దాకా బయటికి రావద్దని చెబుతారు. నేను ఉరుము సరిగా వినలేను కాబట్టి లెక్కపెట్టే పని పెట్టుకోను, మెరుపు కంటపడితే చాలు, లోపలికి పోతాను. నిజానికి అందరికీ అదే మంచిది. చాలామంది వాన మొదలయ్యాక పరిగెత్తుతారు, వాన ఆగగానే బయటికి వస్తారు. వాన తడుపుతుందంతే, చంపేది దానికి ముందూ వెనకా కూడా ఉంటుంది.

రష్యాలోని చెల్యాబిన్స్క్ ఉదంతం తెలిసినవాళ్లు తక్కువ, తెలిసినవాళ్లు కూడా ఏదో ఉల్క పేలిందట అని వదిలేస్తారు. 2013 ఫిబ్రవరి 15 ఉదయం సుమారు 20 మీటర్ల రాయి ఒకటి సెకనుకు 19 కిలోమీటర్ల వేగంతో ఆకాశంలోకి దూసుకొచ్చి, భూమికి దాదాపు 30 కిలోమీటర్ల ఎత్తున పగిలిపోయింది. ఊరంతా సూర్యుడి కంటే ఎక్కువగా వెలిగింది. చప్పుడు మాత్రం లేదు. జనం ఏం చేశారు? కిటికీల దగ్గరికి పరిగెత్తారు. ఆకాశంలో పొగచార వేలాడుతోంది, అద్దాలకు ముఖాలు ఆనించి చూస్తున్నారు, ఫోన్లతో తీస్తున్నారు, దాదాపు రెండు నిమిషాలు ఏమీ కాలేదు. అప్పుడు వచ్చింది పేలుడు తాలూకు గాలి దెబ్బ. వేల భవనాల కిటికీలు పగిలి అద్దం ముక్కలు ముఖాల మీదికి వచ్చాయి. సుమారు 1,500 మంది ఆసుపత్రులకు వెళ్లారు, ఎక్కువ గాయాలు అద్దాల వల్లే. ఎవరూ చనిపోలేదు, అది వాళ్ల అదృష్టం. ఒక బడిలో టీచరు మాత్రం ఆ వెలుగు చూడగానే పిల్లలందరినీ బల్లల కింద దూరమని చెప్పింది. అది ఏమిటో ఆమెకూ తెలియదు. పిల్లలకు దెబ్బ తగల్లేదు, నిలబడి ఉన్న ఆమెకు చేయి బాగా తెగింది.

ఏడేళ్ల తరవాత, 2020 ఆగస్టు 4న లెబనాన్ రాజధాని బేరూత్ ఓడరేవులోనూ అంతే, ముందు మంట, పొగ, ఇళ్లలోంచి చూసేవాళ్లు, ఆ తరవాత గోదాములో నిల్వ ఉన్న అమ్మోనియం నైట్రేట్ అనే ఎరువు రసాయనం పేలడం. రెండొందల మందికి పైగా పోయారు. బాల్కనీల్లోంచి, కిటికీల్లోంచి మంటను వీడియో తీస్తూ ఉండగానే కెమెరా ఎగిరిపడిన దృశ్యాలు మనమంతా చూశాం. మామూలుగా కాని వెలుగు, మామూలుగా కాని పొగ కనపడితే అద్దానికి దూరంగా, వంగి, గోడ చాటుకు వెళ్లాలి, వింత చూడటం తరవాత. ఏమీ కాకపోతే పోయేదేముంది, రెండు నిమిషాలు బల్ల కింద కూర్చున్నామని నవ్వుకుంటాం అంతే. సముద్రం ఒక్కసారిగా వెనక్కి పోయినా ఇంతే. 2004 డిసెంబరు 26న సునామీ అల రాకముందు కొన్ని తీరాల్లో నీళ్లు వెనక్కి తగ్గి అడుగు కనిపించింది, అది చూడటానికి లోపలికి నడిచి వెళ్లినవాళ్లు ఉన్నారు. ఒక్క పదేళ్ల ఇంగ్లీషు పిల్ల బడిలో చెప్పిన పాఠం గుర్తొచ్చి అమ్మానాన్నలను కంగారుపెడితే థాయిలాండులో ఒక బీచి అంతా ఖాళీ చేయించారు.

అసలు చప్పుడే లేనివి కొన్ని. వాటిలో అందరూ పొరపడేది నీళ్లలో మునిగిపోవడం గురించి. సినిమాల్లో చూపించినట్టు చేతులు ఊపుతూ కేకలు పెడతారని అనుకుంటారు. మునిగిపోతున్న మనిషికి అరవడానికి ఊపిరి ఉండదు. నోరు నీటిపైకి వచ్చిన ఆ క్షణంలో గాలి పీల్చుకోవడానికే సమయం చాలదు, ఇంక మాట ఎక్కడిది? చేతులు పైకెత్తలేరు, రెండు పక్కలకూ చాపి నీటిని కిందికి నొక్కుతుంటాయి, అది వాళ్ల అదుపులో ఉన్న పని కాదు. మనిషి నిటారుగా ఉంటాడు, కాళ్లు కదలవు, తల వెనక్కి వాలి ఉంటుంది, పిల్లలైతే జుట్టు ముఖం మీద పడి ఉన్నా తుడుచుకోరు. దూరం నుంచి చూస్తే నీళ్లలో నిలబడి ఆడుకుంటున్నట్టే ఉంటుంది. ఇదంతా 20 నుంచి 60 సెకన్లలో అయిపోతుంది. గట్టున పది మంది పెద్దలు కబుర్లు చెప్పుకుంటూ, ఏమైనా అయితే పిల్లలు అరుస్తారులే అనుకుంటారు. పిల్లలు నీళ్లలో ఉన్నప్పుడు గోల చేస్తున్నంతసేపూ ఫరవాలేదు, గోల ఆగిందంటే చూడాలి. అనుమానం వస్తే ఏరా బాగున్నావా అని అడగండి. జవాబు రాకుండా ఉత్తి చూపు మాత్రమే వచ్చిందా, ఇక ఆలోచించొద్దు. ఎవరో ఒక్కరు కబుర్లలో కలవకుండా, ఫోన్ పట్టుకోకుండా చూడటమే పనిగా కూర్చోవాలి. అందరూ చూస్తున్నారంటే ఎవరూ చూడటం లేదనే.

కార్బన్ మోనాక్సైడ్‌కు చప్పుడు లేదు సరికదా, రంగు లేదు, వాసనా లేదు. తలుపులు బిగించిన గదిలో బొగ్గుల కుంపటి, గాలి ఆడని స్నానాల గదిలో గ్యాస్ గీజరు, ఇంటి లోపల నడిచే జనరేటరు, వీటన్నిటి నుంచీ వస్తుంది. ఇది రక్తంలోని హిమోగ్లోబిన్‌ను ఆక్సిజన్ కంటే రెండొందల రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. తలనొప్పి, వికారం, మగత, తరవాత స్పృహ పోవడం. ఇంట్లో అందరికీ ఒకేసారి తలనొప్పి వచ్చి, బయటికి వెళ్తే తగ్గి, లోపలికి వస్తే మళ్లీ మొదలైతే మాత్ర వేసుకుని పడుకోకూడదు, అందరూ బయటికి రావాలి. వీలున్నవాళ్లు డిటెక్టరు పెట్టుకోవాలి, దీనికి వేరే కాపలా లేదు.

వంటగ్యాస్‌కు కూడా సొంత వాసన లేదు, మనం పసిగట్టే ఆ కుళ్లు కంపు కోసం ఇథైల్ మెర్కాప్టాన్ లాంటివి కావాలని కలుపుతారు. 1937 మార్చి 18న అమెరికాలోని టెక్సాస్‌లో న్యూ లండన్ అనే చోట వాసన లేని సహజవాయువు బడి కింద పేరుకుని పేలింది, మూడొందల మంది దాకా చనిపోయారు, ఎక్కువమంది పిల్లలే. ఆ తరవాతే గ్యాస్‌లో వాసన కలపాలని అక్కడ చట్టం చేశారు. నాకు ఈ కథ గుర్తొచ్చినప్పుడల్లా అనిపించేది, కనపడని, వినపడని ప్రమాదానికి మనిషి పసిగట్టగల గుర్తు ఒకటి తగిలించడం పెద్ద కష్టం కాదు, పూనుకుంటే చాలు. గ్యాస్‌కు కంపు, కారుకు శబ్దం తగిలించినవాళ్లు అలారంకు ఒక లైటు తగిలించలేరా?

ఇది మాత్రం నా సొంత ఫిర్యాదే. పొగ వస్తే మోగే అలారాలు మామూలుగా 3,000 హెర్ట్జ్ చుట్టుపక్కల సన్నటి కీచు శబ్దం చేస్తాయి. వయసుతో పాటు మనిషికి ముందుగా పోయేది సరిగ్గా ఆ సన్నటి శబ్దాలే. అంటే ఎవరు నెమ్మదిగా నడుస్తారో, ఎవరికి అందరికంటే ముందుగా హెచ్చరిక అందాలో వాళ్లకే అది వినపడదు. 520 హెర్ట్జ్ బొంగురు శబ్దమైతే నిద్రలో ఉన్నవాళ్లు, వినికిడి తగ్గినవాళ్లు మెరుగ్గా లేస్తారని పరీక్షల్లో తేలింది. మాలాంటివాళ్లకు దిండు కింద పెట్టుకుంటే ఊగే పరికరం, మిలమిల మెరిసే లైటు ఉన్నాయి. రాత్రి మిషన్ తీసి పక్కన పెట్టాక నా చుట్టూ ఏం జరిగినా నాకు చేరదు, ఇల్లు కూలినా మంచం కదిలితేనే తెలుస్తుంది. ఒకసారి ఒక హోటల్లో దిగినప్పుడు, నిప్పు అంటుకుంటే నన్ను ఎలా లేపుతారు అని అడిగితే, వచ్చి తలుపు కొడతామండీ అన్నారు. ఎంత గట్టిగా కొడతారు అని అడగాలనిపించింది గానీ ఊరుకున్నాను.

ఈ లెక్కలో మేం కొద్దిమందిమి కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో ఇచ్చిన నివేదిక ప్రకారం 2050 నాటికి దాదాపు 250 కోట్ల మందికి ఎంతో కొంత వినికిడి లోపం ఉంటుంది. పెద్ద శబ్దంతో పాటలు వినే అలవాటు వల్ల చెవులు పాడుచేసుకునే ప్రమాదంలో వంద కోట్లకు పైగా కుర్రకారు ఉన్నారట. కాబట్టి బోర్డు లేకుండా మైకులో చెప్పి వదిలేసే ప్రకటనలు, లైటు లేని సైరన్లు, ఇవి ఎవరో నలుగురి ఇబ్బందిగా చూడటం మానుకోవాలి.

బళ్లు తోలేవాళ్లకు ఒక్క మాట. హారన్ కొట్టాం కదా, తప్పుకోవడం వాళ్ల పని అన్న ధోరణి చాలామందిలో ఉంది. హారన్‌కు ముందున్న మనిషి కదల్లేదంటే పొగరు అనుకోకండి, వినపడలేదని అనుకోండి, బ్రేకు మీద కాలు పెట్టండి. రెండోసారి, మూడోసారి ఇంకా గట్టిగా కొట్టడం వల్ల నా చెవి బాగుపడదు. నడిచేవాళ్లను వెనక నుంచి హెచ్చరించాల్సి వస్తే అరిచే బదులు చూపులో పడేలా పక్కకు వచ్చి చెయ్యి ఊపండి, మరీ అత్యవసరమైతే భుజం పట్టి లాగేయండి, తరవాత ఎవరూ కోప్పడరు.

చివరగా మీ పత్రికకు ఒక విన్నపం. పిడుగుపాటుకు మృతి, రైలు ఢీకొని మృతి, ఈతకు వెళ్లి మృతి అని రోజూ వేస్తున్నారు. పేరు, వయసు, ఎంతమంది పిల్లలు, పోలీసులు కేసు నమోదు చేశారు, అక్కడితో ఆ వార్త అయిపోతుంది. ఆ మనిషికి కంటితో పట్టుకోగల గుర్తు ఏదైనా ముందు ఉందా, మెరుపులు ఎంతసేపటి నుంచి కనిపిస్తున్నాయి, రెండో లైను మీద రైలు వచ్చిందా, చెవుల్లో ఇయర్‌ఫోన్స్ ఉన్నాయా, గట్టున ఎవరైనా చూస్తూ ఉన్నారా, అక్కడ హెచ్చరిక బోర్డు గానీ లైటు గానీ ఉందా, మీ విలేకరులు వీటిలో రెండు మూడు ప్రశ్నలైనా అడిగి మరో రెండు వాక్యాలు రాస్తే బాగుంటుంది. చోటు లేదంటే కేసు నమోదు చేశారన్న వాక్యం తీసేయొచ్చు, అది ఎలాగూ అందరికీ తెలిసిందే.

ఇట్లు,
మీ పాఠకుల్లో ఒకరు